2018 ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేసి పెళ్లి ఫొటోలు ఎడిట్ చేశాం.. ఏం మారింది, ఏం మారలేదు?

మా బావది జగిత్యాల. పెళ్లి ఫొటోగ్రాఫర్. సీజన్ ఇంకో మూడు వారాల్లో మొదలవుతుందనగా ఓ రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, కొత్త ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్న. లక్ష దాకా అయితదంటున్నరు. ఏది తీసుకోవాల్నో నువ్వే చెప్పు."

"ఇప్పుడున్నదానికి ఏమైంది బావా?"

"ఒక్క ఫొటో జూమ్ చేసి, పోయి చాయ్ తాగి వచ్చినా గిర్రున తిరుగుతనే ఉంటది. పోయిన సీజన్ల ఆల్బమ్ లేటైందని పెళ్లికొడుకు వాళ్ల నాయిన దుకాణం ముందట నిలబడి లొల్లి చేసిండు."

గ్యాడ్జెట్ల గురించి రాసేవాడు ఇంట్లో ఉంటే ఇలాంటి ఫోన్లు మామూలే. ఈసారి మాత్రం మోడల్ పేరు చెప్పి పెట్టేయబుద్ధి కాలేదు. లక్ష రూపాయలంటే బావకి రెండు పెళ్లిళ్ల మిగులు. పైగా ఆ ల్యాప్‌టాప్ నాకు తెలుసు, 2018లో దగ్గరుండి కొనిపించింది నేనే. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్ అది. ఇప్పటి చిప్‌లతో పోలిస్తే పాతదే, కానీ ఒక రా ఫైల్‌ని జూమ్ చేయలేనంత ముసలిది కాదు. రోగం ఇంకెక్కడో ఉంది. శనివారం పొద్దున్నే బస్సెక్కా.

ముందు టాస్క్ మేనేజర్ తెరవండి

అప్‌గ్రేడ్ అనగానే చాలామంది నేరుగా షాపింగ్ యాప్ తెరిచేస్తారు. ఆగండి. మీ పని మీరు మామూలుగా చేసుకుంటూ పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టండి. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మూడు చోట్ల చూస్తే చాలు: సీపీయూ, మెమరీ, డిస్క్.

బావ లైట్‌రూమ్‌లో పాత పెళ్లి క్యాటలాగ్ ఒకటి తెరిచాడు. డిస్క్ వంద శాతం. ఫొటో నుంచి ఫొటోకి వెళ్తున్నాడు, డిస్క్ వంద శాతం. సీపీయూ మాత్రం ఇరవై, ఇరవై అయిదు దగ్గర ఊరికే కూర్చుంది. అంటే ప్రాసెసర్‌కి పని చేయడానికి ఓపిక ఉంది, దాని చేతికి డేటా అందట్లేదు.

ఎందుకలా? ఆ హార్డ్‌డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. చదివే హెడ్ సరైన ట్రాక్ మీదికి వెళ్లడానికి ఇంకొంత. అన్నీ కలిపితే డిస్క్ మీద చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని సెకనుకి ఓ 60, 70కి మించి తేలేదు. ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా చదవమంటే సెకనుకి 100 ఎంబీ దాకా లాగుతుంది కాబట్టి సినిమా చూసేటప్పుడు దాని బండారం బయటపడదు. లైట్‌రూమ్ అలా కాదు. క్యాటలాగ్ అనేది ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. దాంట్లోంచి ఓ ముక్క, ప్రివ్యూల్లోంచి ఓ ముక్క, రా ఫైల్, కెమెరా రా క్యాష్.. అన్నీ ఒకేసారి కావాలి. వీటికి తోడు విండోస్ తన అప్‌డేట్లు తాను చేసుకుంటుంది, యాంటీవైరస్ తన స్కాన్ తాను చేసుకుంటుంది. పది టేబుళ్లున్న టిఫిన్ సెంటర్లో సర్వర్ ఒక్కడే ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వ్యవహారం. వంట మాస్టర్ ఎంత గట్టివాడైనా దోశ మీ టేబుల్‌కి రాదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, హెడ్ లేదు. అదే చిన్న ముక్క మిల్లీసెకనులో పదో వంతుకే వచ్చేస్తుంది. కంపెనీలు డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే 3,500 ఎంబీ స్పీడ్ కన్నా ఫొటో ఎడిటింగ్‌కి ఈ సంగతే ముఖ్యం.

తర్వాత మెమరీ. అక్కడ 'కమిటెడ్' అని ఒక అంకె ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ కలిపి ఎంత మెమరీ కావాలని అడిగాయో అది చెబుతుంది. బావ ఫొటోషాప్‌లో ఒక ఆల్బమ్ షీట్, వెనకాల లైట్‌రూమ్, పక్కన క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంచితే ఆ అంకె 13 జీబీ దాటింది. ఉన్నది 8. మిగతా అయిదు ఎక్కడికి పోవాలి? పేజ్‌ఫైల్‌లోకి, అంటే మళ్లీ ఆ తిరిగే డిస్క్ మీదికే. ఫొటోషాప్ స్క్రాచ్ ఫైల్ కూడా అక్కడే. ర్యామ్ చాలకపోవడం, డిస్క్ నెమ్మదిగా ఉండటం ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట.

ఆల్బమ్ షీట్ అంత మెమరీ తింటుందా అని అనుమానం వస్తే లెక్క వేసుకోండి. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌కి మామూలుగా వాడే సైజు 12x36 అంగుళాలు. 300 డీపీఐలో అది 3,600 x 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్లు. 8 బిట్ ఆర్‌జీబీలో పిక్సెల్‌కి 3 బైట్లు. షీట్ మొత్తం పరుచుకున్న ఒక్క లేయర్‌కే 117 ఎంబీ దాకా అయింది. మనవాళ్లు వాడే పీఎస్‌డీ టెంప్లేట్లలో పూలు, మెరుపులు, మండపం, పెళ్లికూతురి పేరు, దాని నీడ.. లేయర్లు ఎన్నుంటాయో మీకు తెలుసు. అన్నీ షీటంత ఉండవు కానీ నాలుగు షీట్లు ఒకేసారి తెరిస్తే గిగాబైట్లలోకి పోవడం పెద్ద విషయం కాదు.

కాబట్టి తీర్పు ఇది: ఎస్‌ఎస్‌డీ మొదట, ర్యామ్ తర్వాత, ప్రాసెసర్ సంగతి అప్పటికి మర్చిపోవడం. రెండింటిలో ఒక్కదానికే డబ్బులుంటే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ ఒక్కటే వేసి హార్డ్‌డిస్క్ అలాగే ఉంచిన మెషీన్లు చూశాను, ఆన్ చేసిన పావుగంట దాకా వాటి కష్టం అలాగే ఉంటుంది.

స్క్రూ తీయక ముందే కథ మారింది

స్క్రూడ్రైవర్ తీసే ముందు అలవాటుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ రన్ చేశా. డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చెబుతుంది. నీలం రంగులో 'గుడ్' వస్తుందనుకుంటే పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. సీ5 అనే వరస దగ్గర, అంటే చదవడానికి మొండికేస్తూ తేలకుండా ఉన్న సెక్టార్ల దగ్గర, సున్నా ఉండాల్సిన చోట అంకె ఉంది. (ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి. 10 అని ఉంటే 16 అని అర్థం. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.)

"బావా, పోయిన నెల పెళ్లి ఫొటోలు ఇంకెక్కడన్నా ఉన్నాయా?"

"ఎక్కడుంటయి? దీంట్లనే."

"మెమరీ కార్డులో?"

"తెల్లారి ఇంకో ఫంక్షన్ ఉండె. ఫార్మాట్ కొట్టిన."

అప్పటిదాకా ఇది స్పీడ్ సమస్య. ఆ మాటతో వేరే సమస్య అయింది. ఆ పెళ్లి ఆల్బమ్ ఇంకా డిజైన్ కూడా మొదలుపెట్టలేదు. కనీసం ఇంతకు ముందు ఒకసారి ల్యాప్‌టాప్ స్లో అయినప్పుడైనా నేను డిస్క్ చూసి ఉండాల్సింది. చూడలేదు. అప్పుడు లైట్‌రూమ్‌లో ఏదో చిట్కా చెప్పి వదిలేశా. (ఆ చిట్కా సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.)

ఇలాంటప్పుడు చేయకూడని పని క్లోనింగ్. యూట్యూబ్‌లో ఎస్‌ఎస్‌డీ అప్‌గ్రేడ్ వీడియోలు చాలావరకు క్లోనింగ్‌తోనే మొదలవుతాయి. డిస్క్ బాగున్నప్పుడు అది సులువే. చచ్చిపోతున్న డిస్క్ మీద క్లోన్ మొదలుపెడితే విండోస్ ఫైళ్లు, పాత గేమ్‌లు, ఎందుకూ పనికిరాని చెత్త అంతా వరసబెట్టి చదివిస్తూ మిగిలిన ఆ కాస్త ప్రాణాన్నీ వాటి మీదే ఖర్చు పెట్టిస్తాం. ముందు ఏది పోతే ఏడుస్తామో అది తీయాలి.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి కొనుక్కొచ్చి ఆ పెళ్లి ఫోల్డర్ కాపీ పెట్టాం. దాదాపు 4,000 రా ఫైళ్లు. ఒక్కోటి 25 ఎంబీ వేసుకున్నా 100 జీబీ. మామూలు కాపీ పేస్ట్ కాకుండా రోబోకాపీ వాడా. అది విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో నడుస్తుంది. ఒక జాగ్రత్త: చదవలేని ఫైల్ తగిలితే రోబోకాపీ డిఫాల్ట్‌గా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. అలా వదిలేస్తే మన మనవళ్ల పెళ్లి దాకా అదే ఫైల్ దగ్గర ఉంటుంది. రీట్రైలు ఒకటి, ఆగే సమయం ఒక సెకను అని కమాండ్‌లోనే ఇచ్చేస్తే చదవలేనివి వదిలేసి ముందుకు పోతుంది, చివర్లో ఏవి పోయాయో లెక్క చెబుతుంది.

మామూలుగా ఇరవై నిమిషాల్లో అవ్వాల్సిన కాపీ మధ్యాహ్నం భోజనాల దాకా నడిచింది. ఏడు ఫైళ్లు రాలేదు.

అయిదు ఫర్లేదు. భోజనాల దగ్గర తీసినవి, అలాంటివే పక్కన పది ఉన్నాయి. మిగతా రెండూ అప్పగింతలవి. పెళ్లికూతురి తండ్రి కూతురి చేయి వియ్యంకుడి చేతిలో పెడుతూ తల తిప్పుకున్న ఫ్రేములు. బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ రెండే మంచిగొచ్చినయిరా" అన్నాడు.

ఇక్కడ పనికొచ్చింది ఆ పాత చిట్కా. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందన్నప్పుడు లైట్‌రూమ్ క్లాసిక్‌లో స్మార్ట్ ప్రివ్యూలు తయారు చేసుకుని, ఎడిటింగ్‌కి అసలు ఫైళ్ల బదులు వాటినే వాడేలా సెట్టింగ్ పెట్టుకోమని చెప్పా. స్మార్ట్ ప్రివ్యూ అంటే పొడుగు వైపు 2,560 పిక్సెళ్లకి కుదించిన డీఎన్‌జీ కాపీ. అది క్యాటలాగ్ పక్కన వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. అసలు రా ఫైల్ లేకపోయినా లైట్‌రూమ్ దాన్ని ఎడిట్ చేయనిస్తుంది, ఎక్స్‌పోర్ట్ కూడా చేయనిస్తుంది. ఆ ఫోల్డర్ డిస్క్‌లో బాగున్న వైపు పడినట్టుంది, మొత్తం వచ్చింది. 2,560 పిక్సెళ్లంటే 300 డీపీఐలో ఎనిమిదిన్నర అంగుళాల ప్రింట్. షీట్ నిండా వేయడానికి చాలదు. ఆల్బమ్‌లో ఓ మూలన ఫ్రేమ్ కట్టి పెట్టడానికి నిక్షేపంగా సరిపోతుంది.

ఏం కొన్నాం, ఎందుకు

ఆదివారం నేను హైదరాబాద్ తిరిగొచ్చి, సోమవారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్లా. ఆన్‌లైన్‌లో కొనొచ్చు కదా అంటే కొనొచ్చు. కాకపోతే ర్యామ్ పట్టకపోతే ఆ సాయంత్రమే మార్చుకునే వీలు నాకు ముఖ్యం. ధరలు మాత్రం ఇక్కడ రాయట్లేదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి, వారం వారం మారుతున్నాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు కస్టమర్లకి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. నేను ఇవాళ రాసిన అంకె మీరు చదివేనాటికి అబద్ధమవుతుంది.

ఎస్‌ఎస్‌డీ విషయంలో మొదటి ప్రశ్న, మీ ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉందా? ఉంటే అది ఎన్‌వీఎంఈదా, సాటాదా? చూడటానికి రెండూ చూయింగ్ గమ్ ముక్కల్లాగే ఉంటాయి, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని పాత మోడల్స్ ఒకదాన్నే ఒప్పుకుంటాయి. మోడల్ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్ వెతికి చూసుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి, షాపువాడి "పడతది సార్" సరిపోదు. బావ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ పట్టే స్లాట్ ఖాళీగా ఉంది. 1 టీబీ తీసుకున్నాం.

మీ మెషీన్‌లో ఎం.2 అసలు లేకపోతే దిగులొద్దు. హార్డ్‌డిస్క్ తీసిన చోటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది. దాని వేగం 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎంఈ అంతకి ఆరు రెట్లు పోతుంది. అంత తేడా బెంచ్‌మార్క్‌లో కనిపించినంతగా లైట్‌రూమ్‌లో కనిపించదు. హార్డ్‌డిస్క్ నుంచి సాటాకి రావడమే అసలు దూకుడు. ఆ తర్వాతిది బోనస్.

అన్నిటికన్నా చవకది మాత్రం తీసుకోకండి. చవక డ్రైవ్‌లు చాలావాటిలో క్యూఎల్‌సీ మెమరీ ఉంటుంది, డీర్యామ్ క్యాష్ ఉండదు. మొదటి కొన్ని గిగాబైట్లు జోరుగా రాసి, లోపలి క్యాష్ నిండాక చతికిలపడతాయి. ఒకేసారి 100 జీబీ పెళ్లి కాపీ చేసేవాళ్లకి అది ప్రతిసారీ తగులుతుంది. హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోయే మోడల్స్ కూడా ఉన్నాయి. టీఎల్‌సీ అని రాసి, అయిదేళ్ల వారంటీ ఉన్నది చూసుకోండి. "ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట కదా" అని బావ భయం. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ మోడల్‌నే తీసుకుంటే 300 టీబీ రాసేదాకా వారంటీ. రోజూ తప్పకుండా 50 జీబీ రాసినా పదహారేళ్లు పడుతుంది.

ర్యామ్ దగ్గర తొందరపడితే డబ్బులు బూడిద. డీడీఆర్3, డీడీఆర్3ఎల్, డీడీఆర్4 ఒకదానిలో ఒకటి పట్టవు అనుకోవడమే క్షేమం. మొదటి రెండూ స్లాట్‌లో పడతాయి కానీ వోల్టేజీలు వేరు, 1.5, 1.35. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్లు ఎన్ని, ఎన్ని వాడుతోంది అని ఉంటుంది. మనకి 'రెండింటిలో ఒకటి' అని చూపించింది, అదృష్టం. స్లాటే లేకుండా బోర్డు మీద అతికించేసినవైతే చేయడానికి ఏమీ లేదు. 2012 నాటి 13 అంగుళాల మామూలు మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్ 16 జీబీ దాకా మార్చుకోవచ్చు, అదే ఏడాది వచ్చిన రెటీనా మోడల్‌లో కుదరదు. కొనేటప్పుడు సన్నగా ఉందని మురిసిపోయినవాళ్లం అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఏడుస్తాం.

32 వేద్దామా అని నాకూ అనిపించింది, ఆ ప్రాసెసర్ ఒప్పుకుంటుంది. కానీ కమిటెడ్ అంకె 13 చూశాం కదా. ఉన్న 8 పక్కన ఇంకో 8 వేస్తే 16 అవుతుంది, డ్యూయల్ చానల్ కూడా వస్తుంది. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ ఆ మెమరీనే పంచుకుంటాయి కాబట్టి దానికీ కాస్త ఊపు. ఫొటోషాప్‌కి అడోబీ సిఫార్సు చేసేది కూడా 16 జీబీనే. ఈ ధరల్లో అంతకు మించి వేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ 8 జీబీ స్టిక్ కూడా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ర్యామ్ అరిగే వస్తువు కాదు. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపి ఒక్క ఎర్రర్ కూడా లేకపోతే వాడేయొచ్చు. ఎస్‌ఎస్‌డీ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు, దాని మీద ఎవరేం రాశారో మనకి తెలీదు.

బిగింపు

తర్వాతి శనివారం మళ్లీ జగిత్యాల. కింద కవర్ స్క్రూలు తీసి, పాత ఏటీఎం కార్డుతో చుట్టూ క్లిప్పులు విప్పి, మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ పీకేశాం. కరెంటు ఉండగా ర్యామ్ ముట్టుకోవద్దు. ర్యామ్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు వైపులా టిక్ మంటుంది.

ఎస్‌ఎస్‌డీ దగ్గర ఆగిపోయాం. దాన్ని బిగించే బుల్లి స్క్రూ లేదు. ఖాళీ స్లాట్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది ఉండదు, ఎస్‌ఎస్‌డీ డబ్బాలోనూ వేయరు. నేను ఇంతకు ముందు ఇంకో మెషీన్‌కి ఇలాగే దెబ్బతిన్నా కూడా మళ్లీ మర్చిపోయా. చివరికి మొబైల్ రిపేర్ షాపులో దొరికింది. మీరు ఎస్‌ఎస్‌డీ కొన్నప్పుడే అడిగి తీసుకోండి, ఎం2 సైజు, 3 మిల్లీమీటర్లు.

ఎలాగూ తెరిచాం కదా అని ఫ్యాన్ దగ్గర చూస్తే ఏడేళ్ల దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాశాం. ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఫలితం కింద చూస్తారు.

విండోస్ క్లోన్ చేయకుండా కొత్తగా వేశాం. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎనిమిదో తరం ఇంటెల్ నుంచి విండోస్ 11 అధికారికంగా ఒప్పుకుంటుంది కాబట్టి నేరుగా అదే. లైసెన్స్ మళ్లీ కొనక్కర్లేదు, అది మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది. మీది బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న మెషీన్ అయితే విప్పకముందే రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకోండి.

తర్వాత లైట్‌రూమ్ క్యాటలాగ్, ప్రివ్యూలు, ఇప్పుడు నడుస్తున్న పెళ్లి ఫైళ్లు అన్నీ ఎస్‌ఎస్‌డీ మీద పెట్టాం. కెమెరా రా క్యాష్ 5 జీబీ ఉంటే 20కి పెంచాం. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ కూడా అక్కడికే. మెమరీ వాడకం డిఫాల్ట్‌గా 70 శాతం ఉంటుంది, దాన్ని అలాగే ఉంచాం. వంద శాతం పెట్టమని చెప్పేవాళ్లని నమ్మకండి, విండోస్‌కి ఊపిరాడదు.

ఇప్పుడు ఎలా ఉంది?

ఆన్ చేసి లైట్‌రూమ్‌లో మొదటి ఫొటో కనబడటానికి ఇంతకు ముందు నాలుగు నిమిషాల పైమాట. ఇప్పుడు అర నిమిషం. ఫొటో నుంచి ఫొటోకి వెళ్లడం, మంచివి ఏరుకోవడం.. బావకి అసలు తేడా తెలిసింది ఇక్కడే. నాలుగు వేల ఫొటోల్లోంచి ఆరేడు వందలు ఏరడం రెండు రోజుల పని, ఇప్పుడు ఒక పూట. ఆల్బమ్ షీట్లు నాలుగు తెరిచి పెట్టుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి లేయర్లు లాగుతున్నాడు.

ఎక్స్‌పోర్ట్ దగ్గర మాత్రం సంబరపడకండి. అది ప్రాసెసర్ పని. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేసినా పెద్దగా తగ్గలేదు. తగ్గిన ఆ కాస్తా దుమ్ము దులిపినందుకే అని నా నమ్మకం. మునుపు వేడెక్కి ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకునేది, ఇప్పుడు చివరిదాకా నిలబడుతోంది. కార్డు నుంచి దింపడం కూడా అంతే. యూహెచ్‌ఎస్-1 కార్డుల గరిష్ఠ వేగమే సెకనుకి 104 ఎంబీ, పాత ల్యాప్‌టాప్‌ల కార్డ్ రీడర్లు చాలావాటికి అంత కూడా రాదు. అక్కడ ఎస్‌ఎస్‌డీ ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తుంది.

ఇక ఏఐ డీనాయిస్. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌కి వచ్చిన ఈ ఫీచర్ గ్రాఫిక్స్ కార్డ్ మీద నడుస్తుంది. ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ యూహెచ్‌డీ 620. రాత్రి బారాత్‌లో తీసిన ఒక ఫొటోకి పెట్టి నిజంగానే చాయ్ తాగొచ్చాం, ఇంకా నడుస్తోంది. మీ పనిలో సగం ఇదే అయితే ర్యామ్ మీద డబ్బులు పోయకండి, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న మెషీన్ కోసం దాచుకోండి. ఫొటోషాప్ జెనరేటివ్ ఫిల్‌కి మాత్రం ఈ బాధ లేదు, అది అడోబీ సర్వర్ల మీద నడుస్తుంది, మీ నెట్ బాగుంటే చాలు. ఇంకో సంగతి, ఈ ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో రంగులు చాలా పేలవం. పసుపు చీర ఆల్బమ్‌లో ఎలా వస్తుందో స్క్రీన్ మీద చూసి చెప్పలేం. వచ్చే ఏడాది డబ్బులుంటే బావ కొనాల్సింది మంచి ఐపీఎస్ మానిటర్.

లక్షలో మిగిలిన డబ్బుతో ముందు ఇంకో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొన్నాం. ఒకటి దుకాణంలో, ఒకటి అక్క బీరువాలో. రెండు చోట్లా కాపీ అయ్యాయని చూసుకునేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దని దుకాణం గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించాడు. పాత హార్డ్‌డిస్క్ తీసి కవర్‌లో చుట్టి అటక మీద పెట్టాడు, పారేయనన్నాడు.

పోయిన వారం ఆ పెళ్లి ఆల్బమ్ ఇచ్చేశాడు. అప్పగింతల ఫొటోలు రెండూ పద్నాలుగో షీట్‌లో ఉన్నాయి, చిన్న ఫ్రేముల్లో. "ఇంత మంచి ఫొటో ఇంత చిన్నగ పెట్టినవేంది?" అని పెళ్లికూతురి తండ్రి అడిగాడట. డిజైన్ అలా వచ్చిందని చెప్పాడట బావ.